బెల్లం దారి: అనంతపురం తండాల్లో సారా, సర్కారు, నసాబ్

ప్రతి ఏడాదీ ఫిబ్రవరి రెండో వారంలో గుత్తి వైపు వెళ్లే బస్సుల్లో సీటు దొరకదు. 1739 ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటుగా మనం కొలిచే సేవాఘడ్, గుత్తి మండలం గొల్లలదొడ్డి దగ్గర ఉంది. మన జిల్లా వాళ్లే కాదు, మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా జనం వస్తారు. అక్కడ భోగ్ భండారోలో నిప్పుల మీద వేసేది నెయ్యి, బెల్లంతో చేసిన తీపి వంటకం. మేరామా యాడికి మేకపోతును కోసి దారూ పెట్టే ఆచారం చాలా తండాల్లో ఉంది గానీ, సేవాభాయా దగ్గర రక్తమూ లేదు, దారూ లేదు. మత్తుకు దూరంగా ఉండమని ఆయన చెప్పినట్లు మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు.

మన ఇళ్లలో బెల్లం లేని శుభకార్యం లేదు. పెళ్లి ఖాయం చేసుకోవడాన్ని బెల్లం తినడమనే అంటాం, గోళ్ ఖాయేరో అని. అదే బెల్లం గత ముప్పై ఏళ్లుగా మన తండాల మీదికి పోలీసు జీపులను కూడా తెచ్చింది. నల్లబెల్లం, తుమ్మచెక్క, డ్రమ్ములో ఊట. ఈ మాటలు మా హాస్టల్‌లో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

సారా మీద పోరాటం అనగానే దూబగుంట గుర్తుకొస్తుంది. అది న్యాయమే. కానీ ఆ పోరాటం గెలిచిన తరువాత తండాలకు ఏం జరిగిందన్నది ఎవరూ రాయలేదు. ఈ సంచికలో దానికి చోటు ఇచ్చినందుకు సంఘానికి కృతజ్ఞతలు. నేను చరిత్రకారిణిని కాను. బీఈడీ చదివి, గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌గా పని చేస్తున్నాను. చరిత్రలో ఎక్కడెక్కడ సర్కారు, తండా కలిసి నడిచాయి, ఎక్కడ ఎవరి దారి వారు పట్టారు అన్నది నాకు తెలిసినంతలో చెబుతాను.

లదేణి పోయింది, అబ్కారీ వచ్చింది

మనవాళ్లు మొదటి నుంచీ సారా కాచి బతికినవాళ్లు కారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగిన వ్యాపారులు. సైన్యాలకు తిండిగింజలు మోసింది కూడా మన లదేణీలే. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు వచ్చింది. రైలు ఒక్క రోజులో మోసే సరుకును మన ఎద్దులు నెలలో మోసేవి. లదేణి ఆగిపోయాక ఎద్దుల గుంపులు చెదిరిపోయాయి. కొండల అంచుల్లో, ఎవరూ దున్నని రాతినేలల్లో తండాలు స్థిరపడ్డాయి.

అదే 1871లో నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదిలో మొదలైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. తిరుగుతూ బతికే మనవాళ్లను కూడా దాని కిందికి తెచ్చారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

మద్యం విషయంలో అప్పటి సర్కారు చూపు వేరు. అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయింది 1882లో. నాలుగేళ్లకు, 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. తాగడం తప్పు కాదు. సర్కారుకు రూక కట్టకుండా గీయడం, కాచడం తప్పు. కల్లు, సారా దుకాణాలను వేలం వేసేవారు. పాడినవాడు పెట్టుబడి రాబట్టుకోవాలంటే జనం తాగాలి. అంటే సర్కారుకూ తాగుడుకూ మధ్య చుట్టరికం ఆనాడే కలిసింది. తండాలో పండక్కి కాచుకున్న కుండెడు సారా ఆ రోజు నుంచి దొంగసారా అయ్యింది.

ఒక ఓటు తేడా

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. 1938లో మన పొరుగు జిల్లాలు చిత్తూరు, కడపలకు అది వచ్చింది. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఈరోజు మనం కట్టే అమ్మకం పన్నులకు మూలం మద్యనిషేధమే అని పిల్లలకు చెబితే నమ్మరు. యుద్ధకాలంలో నిషేధం పక్కన పడింది. స్వాతంత్ర్యం తరువాత 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చింది, మన జిల్లాతో సహా.

ఆ నిషేధంలో ఒక మంచి ఆలోచన ఉంది. దుకాణం మూయడంతో సరిపెట్టకుండా ఊరి కమిటీలు, పొదుపు, భజనలు, ఆటలు, టీ దుకాణాలు పెట్టి, తాగుడు మానినవాడికి సాయంత్రం గడిచే దారి చూపాలనుకున్నారు. కానీ కాలక్రమంలో మిగిలింది పోలీసు పని ఒక్కటే. గీత కార్మికుల బతుకు ఏమిటన్నది ఎవరూ తేల్చలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక వారి తరఫున గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని వేసిన రామమూర్తి కమిటీ, దాన్ని ఎత్తివేయమని చెప్పింది. ప్రకాశం ప్రభుత్వం ఆ మాట అమలు చేయలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ప్రభుత్వం కల్లు విషయం మీద పడిపోయింది. మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారు అందులో ఉప ముఖ్యమంత్రి.

1960ల చివర నిషేధం పోయింది, 1968 ఎక్సైజ్ చట్టం వచ్చింది. మళ్లీ వేలంపాటలు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారీ సారా ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. మంచినీళ్లు రాని తండాకు కూడా ప్యాకెట్టు వచ్చేది. ఇది నాకు గుర్తున్న కాలమే. కూలి డబ్బులు చేతికి వచ్చే చోటే ప్యాకెట్ల బస్తా ఉండేది. చాలామందికి కూలిలో సగం అక్కడే తెగిపోయేది.

వాచకంలోంచి వచ్చిన ఉద్యమం

దూబగుంట గురించి ఉపాధ్యాయ శిక్షణలో చదువుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ ఉద్యమం మొదలైంది పాఠం దగ్గర. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు ఒక ఇంటిని ఎలా కూల్చిందో అందులో ఉంది. అది చదివిన ఆడవాళ్లు, ఇది మన ఇంటి కథే కదా అన్నారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి మహిళలు కలిసి ఊళ్లో సారా అమ్మకుండా ఆపారు. ఆ సంగతి మళ్లీ పాఠంగా మారింది, ఆడవాళ్లు ఏకమైతే అని. అది చదివి పక్క ఊళ్ల వాళ్లు లేచారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. జిల్లా యంత్రాంగం వాచకం అచ్చు వేసింది, కార్యకర్తలు చదువు చెప్పారు, ఆడవాళ్లు దుకాణం ముందు కూర్చున్నారు. ఒకరి పని ఇంకొకరు ముందుకు నడిపారు. సర్కారులోనే ఒక చేయి వేలంపాట పాడిస్తుంటే ఇంకో చేయి ఆ వాచకం పంచిందన్నది మరిచిపోకూడదు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా ఆపింది. 1994 డిసెంబరు 12న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి సంపూర్ణ నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమలు. ఆ ఉద్యమంలోంచే నెల్లూరులో పొదుపు సంఘాలు పెరిగాయి. ఇప్పుడు మన తండాల్లో నెలనెలా కూర్చునే సంఘాలకు అవే అక్కలు.

1997లో సంపూర్ణ నిషేధం సడలించారు. బ్రాందీ, విస్కీ దుకాణాలు తిరిగి తెరిచారు. సారా నిషేధం మాత్రం అలాగే ఉంది. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ చట్టం బరువు ఎవరి మీద పడిందో చూడండి. ఊళ్లో లైసెన్సు దుకాణం నడిపేవాడు వ్యాపారి. తండాలో ఊట వేసిన అమ్మ ముద్దాయి. సర్కారీ సారా ఆగిపోయిన ఖాళీలోకి నాటుసారా వచ్చింది. దాన్ని కాచింది ఎక్కువగా కొండ పక్కన, వంక పక్కన, దారి లేని చోట ఉండే మనవాళ్లు.

ఎందుకు కాచారు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మనది. అది కూడా వేరుశనగ ఊడ దిగే సమయానికి మొహం చాటేస్తుంది. మగవాళ్లు బెంగళూరు మేస్త్రీ పనికి పోతారు. ఇంట్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు. బెల్లం కొట్టువాడు అప్పు ఇస్తాడు, విత్తనాలవాడు ఇవ్వడు. వారంలో డబ్బు చేతికి వస్తుంది. తాగేవాళ్లు ఎక్కువమంది పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లే, చెడ్డపేరు మాత్రం తండాకు. యూరియా, అమ్మోనియా కలిపిన సారా తాగి కడుపు కుళ్లి పోయింది మాత్రం మన మగవాళ్లే ఎక్కువ. ముప్పై ఏళ్లు దాటని విధవరాళ్లు తల్లుల మీటింగుకు వస్తుంటే వాళ్ల భర్తల గురించి అడగడం నేను మానేశాను.

నసాబ్‌లో ఏం జరుగుతుంది

బయటివాళ్లను అన్నాక మనల్ని కూడా అనుకోవాలి. నాయక్, కార్‌భారీ, డావో కూర్చునే నసాబ్‌లో తగవు తెగితే జరిమానా వేస్తారు. పాత రోజుల్లో ఆ జరిమానా డబ్బుతో అక్కడికక్కడే దారూ తెప్పించి అందరూ తాగేవారు. భర్త తాగి కొట్టాడని భార్య ఫిర్యాదు చేస్తే, ఆ భర్తకు వేసిన జరిమానాతో పెద్దలు తాగడం! మా అవ్వ ఈ మాట నవ్వుతూ చెప్పేది. నవ్వు ఎలా వచ్చేదో నాకు తెలియదు. సగాయికి దారూ, చావుకు దారూ. నసాబ్‌లో ఆడవాళ్లకు కూర్చునే చోటు ఉండేది కాదు.

అయితే అదే నసాబ్ మాట చెబితే తండా అంతా కట్టుబడుతుంది. ఈ బలం ఏ శాఖకూ లేదు. కొన్ని తండాల్లో సేవాలాల్ మాల వేసుకునే ఆచారం వచ్చాక, మాల ఉన్నన్నాళ్లూ తాగకుండా ఉండి ఆ తరువాత పూర్తిగా మానేసినవాళ్లను నేను చూశాను. జరిమానా డబ్బు గుడికి కట్టాలని తీర్మానం చేసుకున్న తండాలు కూడా ఉన్నాయి. ఈ పనికి ఏ జీపూ రాలేదు.

సర్కారు వైపు నుంచి కూడా ప్రయత్నాలు లేకపోలేదు. నాటుసారా లేని ఊళ్ల కోసం ఎక్సైజ్ శాఖ నవోదయం కార్యక్రమం తెచ్చింది, 2025లో నవోదయం 2.0 అని మళ్లీ మొదలుపెట్టింది. సారా తీవ్రతను బట్టి ఊళ్లను ఏ, బీ, సీ అని మూడు రకాలుగా రాసుకుంటారు. కాచేవారికి వేరే బతుకుదెరువు చూపాలన్నది అందులో ఒక భాగం. కాగితం మీద ఇది 1940ల నాటి ఆలోచనే, మంచి ఆలోచనే. కానీ తండా పేరు జాబితాలోకి ఎక్కడం సులువు, దిగడం కష్టం. ఏ రకం తండా అన్న మాట వినగానే నాకు 1911 చట్టం గుర్తుకొస్తుంది. కాచేది నాలుగు ఇళ్లయితే పేరు నలభై ఇళ్లకు వస్తుంది. మా పిల్ల ఒకామె పక్క ఊరి బడిలో తండా పేరు చెప్పడానికి సిగ్గుపడి రైల్వే స్టేషన్ పేరు చెప్పింది.

శాఖ పేరే చూడండి: ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్. ఆపే పని, అమ్మించే పని ఒకే బోర్డు కింద. 2014 జూన్ 8న కొత్త ప్రభుత్వం మొదటి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019 అక్టోబరు 1 నుంచి దుకాణాలు సర్కారే నడిపింది, సంఖ్య తగ్గించింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది, ఎన్‌ఫోర్స్‌మెంట్‌కు ప్రత్యేకంగా ఎస్ఈబీ పెట్టింది. ధర పెరిగితే తాగేవాడు మానతాడని లెక్క. మన జిల్లాలో లెక్క తప్పింది, ఎందుకంటే మనకు మూడు మైళ్లకో కర్ణాటక ఉంది. పావగడ తాలూకా మ్యాపు చూస్తే మన పొలాల మధ్యలో వేలు పెట్టినట్లు ఉంటుంది. కర్ణాటక 2007లో సారా నిషేధించాక అక్కడ చవక మద్యం చిన్న ప్యాకెట్లలో దొరుకుతోంది. ఆ ప్యాకెట్లు టమాటా బండ్లలో, మోటారు సైకిళ్లలో వచ్చాయి. డబ్బు లేనివాడు నాటుసారాకు తిరిగాడు. 2024లో ఎస్ఈబీని తీసేశారు. అదే అక్టోబరు 16న ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాయి, 99 రూపాయల సీసా వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పద్ధతి మారుతోంది. తండాలో ఊట డ్రమ్ము, బైండోవర్ కాగితం మాత్రం మారలేదు.

శాఖలు కలిసి పని చేస్తే ఎలా ఉంటుందో ఉత్తరాన కొంత చూశాం. 2021 చివర విశాఖ ఏజెన్సీలో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. చాలా ఊళ్లలో గిరిజనులే స్వయంగా కత్తులు పట్టి మొక్కలు నరికారు. వెనకాల ఐటీడీఏ ఉంది, బదులు పంటల మొక్కలు ఇచ్చే యంత్రాంగం ఉంది. అంతా బాగుపడిందని అనను, గంజాయి ఇంకా పట్టుబడుతూనే ఉంది. కానీ నరకమని చెప్పినవాళ్లూ నాటడానికి మొక్క ఇచ్చేవాళ్లూ ఒకే ఊరికి వెళ్లారు.

మనకు పాడేరు మాదిరి ఐటీడీఏ లేదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఐదో షెడ్యూలు ప్రాంతమే లేదు. ఇది చిన్న విషయం కాదు. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు మత్తుపదార్థాలను నిషేధించే, అదుపు చేసే అధికారం ఉంది. ఏజెన్సీ గ్రామసభ వద్దంటే దానికి చట్టం విలువ ఉంది. మన నసాబ్ వద్దంటే అది కేవలం మాట. తెలంగాణలో 2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి. ఇక్కడ చాలా తండాలు ఇప్పటికీ పక్క పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డు. ఆ ఊళ్లోని బెల్టు షాపును తండా ఆడవాళ్లు ఎలా మూయించగలరు? మన సంఘం అడగాల్సిన వాటిలో ఇది ముందు ఉండాలని నా అభిప్రాయం, విగ్రహాల కంటే ముందు.

మండలంలో మత్తు మీద మీటింగు పెడితే పోలీసు, ఎక్సైజ్, రెవెన్యూ, వైద్య శాఖలు కూర్చుంటాయి. నాయక్‌ను పిలవరు, హాస్టల్ వార్డెన్‌ను పిలవరు. ఏ తండాలో కొత్తగా ఊట పడిందో ఎక్సైజ్ వాళ్లకంటే ముందు మాకు తెలుస్తుంది. పిల్ల సోమవారం రాకపోతే, వచ్చినా క్లాసులో నిద్రపోతే, రాత్రి కాపలా ఉండి వచ్చిందని అర్థం. ఈ సంగతి నేను ఎవరికి చెప్పాలి? ఎక్సైజ్‌కు చెబితే వాళ్ల అమ్మ జైలుకు పోతుంది. చెప్పకపోతే నాన్న స్మశానానికి పోతాడు. నేను చెప్పినప్పుడు పొలీసుతో పాటు లోను ఇచ్చే మనిషి కూడా వస్తాడని నమ్మకం ఉంటే చెబుతాను. తాగుడు మాన్పించే సలహా కోసం 14446, గంజాయి సమాచారానికి ఈగల్ వాళ్ల 1972 నంబర్లు హాస్టల్ గోడ మీద రాయించాను. మొదటి నంబరుకు పిల్లలు ఫోన్ చేశారు. రెండోదానికి చేశారో లేదో అడగలేదు.

పోయిన ఏడాది మా పరిధిలోని ఒక తండాలో నసాబ్ కూర్చుంది. మొదటిసారి ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టారు. ఊట వేస్తే జరిమానా, ఆ జరిమానా పిల్లల నోటుపుస్తకాలకు అని తీర్మానం రాశారు. ఆరుగురు తల్లులు తామే డ్రమ్ములు బయటికి తెచ్చి వంకలో పారబోశారు. మేకలకు లోను ఇప్పించమని దరఖాస్తు పెట్టారు. దాన్ని రాసి పెట్టింది నేనే, తెలుగులో, ఆరు వేలిముద్రలతో కాదు, ఆరు సంతకాలతో. పాత కేసులకు సంబంధించిన బైండోవర్ కాగితాలు అదే నెలలో వచ్చాయి, లక్ష రూపాయల పూచీకత్తుతో. మళ్లీ కాచితే ఆ లక్ష కట్టాలి. పారబోసిన సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

దసరా సెలవుల తరువాత ఆ ఆరుగురిలో ఒకామె కూతురిని దింపడానికి వచ్చింది. "జీపొస్తే డ్రమ్ము పగలగొడతారు మేడం, బెల్లం కొట్టు అప్పు ఎవురు పగలగొడతారు?" అని అడిగింది. మేకల లోను గురించి రెండుసార్లు వెళ్లి అడిగాను. ఫైలు పైన ఉందన్నారు. ఇప్పటికి పదకొండు నెలలు. దరఖాస్తు నకలు మా ఆఫీసు బీరువాలో, పిల్లల టీసీల పక్కన ఉంది. డ్రమ్ములు ఇంకా ఖాళీగానే ఉన్నాయి, నిన్న సాయంత్రం ఫోన్ చేసి కనుక్కున్నాను.